చెద తిన్న మేర

మార్కాపురంలో పలకల పెట్టెలకి లేబుళ్లు అచ్చేసే ప్రెస్సు మాది.
గుర్రం మార్కు, తామర మార్కు, గడియారం మార్కు.
సీజను లేనప్పుడు శుభలేఖలు, ఓట్ల కాయితాలు,
పశువుల సంత రసీదు పుస్తకాలు.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం
గొట్టిముక్కల తిరుపాలయ్య వచ్చాడు.
క్వారీ గేటు దగ్గర ముప్పై ఏళ్లు
లారీల లెక్క రాసి రిటైరైన గుమాస్తా.
తువ్వాల్లో చుట్టుకొచ్చిన పుస్తకాన్ని బల్ల మీద పెట్టి
పసిబిడ్డ ముఖం మీద గుడ్డ తీసినట్టు తీశాడు.

గ్రీకు దేశపు ముని ఎవరో చెప్పింది
దొర ఎవరో ఇంగ్లీషులోకి తిప్పితే,
కంభం బళ్లో ఒక తెలుగయ్యవారు
అరసున్నలతో సహా మళ్లీ తిప్పిన పుస్తకం.
"వంద కాపీలు," అన్నాడు.
"ఎవరు చదవతారు సామీ?"
"వందమంది దొరకరా ఏంది?" అన్నాడు గాని
చూపు మాత్రం గోడ కేలండరు వెనక దాచుకున్నాడు.

మా కేసులో అరసున్నలు పదకొండే.
ఒక ఫారం అచ్చయి, కడిగి, విడదీస్తే గాని
తర్వాతి పేజీకి అరసున్న లేదు.
అట్లా ఎనిమిది నెలలు.
చదవకుండా పేర్చడం నా వృత్తి,
అయినా అక్షరాన్ని తలకిందులుగా, కుడి నుంచి ఎడమకి
చూసే కళ్లకి ఆ ముని కొంచెం అందాడు.
వచ్చిన దారినే వెనక్కి పొమ్మంటున్నాడు ఆయన కూడా.

బైండింగు ఖాసిం జిగురు కలుపుతా అడిగాడు,
"ఏం రాశాడన్నా అంత పెద్దది?"
ఒక్కటి ఉందంట, పేరు లేదంట,
అన్నీ దాన్లోంచే పొంగి వచ్చాయంట,
అది మాత్రం తరగలేదంట.
ఖాసిం పుల్లతో తిప్పుతానే ఉన్నాడు.
"మా నాయన ఉలి పెట్టి పొర లేపేవోడు.
ఒక్క రాయిలో నలభై పలకలు.
రాయి తరిగేదన్నా.
ఆయన ఊపిరి కూడా."
ఈ మాట చెప్తే తిరుపాలయ్య వాదించలేదు.
జేబులో చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు.

ఎనభై మూడో పేజీలో ఆగిపోయాం.
'అది వెలుఁగు కాదు, చీఁకటి కాదు, అది'
అక్కడ చెద.
రూపాయి బిళ్లంత తినేసి, తృప్తిగా
అవతలి పేజీలోకి కూడా పోయింది.
కావలి, కందుకూరు, ఒంగోలు,
లైబ్రరీలన్నీ బస్సుల్లో తిరిగొచ్చాడు తిరుపాలయ్య.
యాడా ఇంకో ప్రతి లేదు.
'వర్ణనాతీతం' అని ఏసేద్దామా అన్నాను.
"వద్దు. తిన్న మేర వదిలెయ్."

వదలడం అంత తేలిక కాదు అచ్చులో.
ఖాళీ దానంతటది నిలబడదు, అక్షరాలు కూలిపోతాయి.
ఖాళీ చోటా సీసమే పెట్టాలి,
ఎత్తు తక్కువ ముక్కలు, సిరా అంటనివి.
ఆ రోజు చేతిలో వాటి బరువు చూసుకున్నాను.

తర్వాత ఆఫ్‌సెట్ వచ్చింది. ప్లాస్టిక్ పలకలొచ్చాయి.
గుర్రం లేబులు పోయింది, ప్రెస్సు పోయింది.
టైపంతా గోతాల్లో పోసి కాటా మీదికెక్కించారు.
అక్షరానికీ ఖాళీకీ ఒకటే రేటు.

మొన్న ఒంగోల్లో, బస్టాండు బయట
పాత పుస్తకాల గోనెపట్టా మీద
ఖాసిం కుట్టిన కుట్టు గుర్తుపట్టాను.
సరాసరి ఎనభై మూడు తిప్పాను.
మేం వదిలిన చోట, పెన్సిలుతో, గుండ్రటి ఆడచెయ్యి:

అది వెలుఁగు కాదు, చీఁకటి కాదు, అది
పాలు ముప్పావు లీటరు.
బుధవారం రాలేదు.

ఇరవై అన్నాడు.
బేరం ఆడకుండా ఇచ్చి,
బస్సు వచ్చిందాకా నిలబడే
బుధవారం గురించి ఆలోచించాను.