పాతరకు లొంగని పండు

బెంగుళూరు గూడ్సు దిగి
మా ఆయన తిప్పేస్వామి తెచ్చినాడు
పదకొండు బట్టర్ ఫ్రూట్లు,
గార్డు పెట్టెలో, ఎర్రజెండా చుట్టి.

గుంతకల్లు రైల్వే కోటర్సుకు వచ్చినప్పుడు
అవి ఉత్త రాళ్లు.
తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవచ్చు.
బియ్యం డబ్బాలో పూడ్చి మరిచిపోతిమి.
నాలుగోనాడు తెల్లారేసరికి
పదకొండూ మెత్తబడె,
ముందే మాట్లాడుకున్నట్టు.

"ఏడ్చేదానికేముందే, దాస్తాం పట్టు"
అనె మా కుళ్ళాయమ్మత్త.

ఆమె దాచనిదేముంది?
కందులకు ఎర్రమన్ను పూసి ఆరబెట్టి
పురుగు ముట్టకుండా కాచిన చేయి.
చింతపండును ఉప్పేసి తొక్కి
కుండ మూతికి గుడ్డ కట్టిన చేయి.
జొన్నల పాతరలోకి దిగేముందు
దీపం దించి గాలి చూసిన మనిషి.
కాకర వరుగు, గోరుచిక్కుడు వరుగు,
మజ్జిగ మిరపకాయలు.
వానలు రాని ఏండ్లన్నీ
ఆమె అటక మింద వరసగా ఉంటాయి,
మూతలు పెట్టుకోని.

రెండు పండ్లు చీలికలు చేసి
మిద్దె మింద ఎండేసె.
మధ్యాన్నానికి పాత చెప్పు తోలు.
కాకొకటి వచ్చి, మెడ వంచి చూసి,
యాడో పనున్నట్టు ఎగిరిపాయె.
ఇంకో రెండింటికి ఉప్పూ కారమూ నూనే పట్టించి
జాడీకెత్తె.
మూడోనాడు మూత తీస్తే
ఇంట్లో ఎవరమూ మాట్లాడలేదు.

పక్క కోటర్సు మెహరున్నీసా చెప్పిపాయె:
"కోసిన సగానికి నిమ్మరసం పుయ్యి,
విత్తు తియ్యొద్దు, గాలి తగలనియ్యొద్దు."
అట్లే చేస్తిమి, గాలి మాట మరిచి.
తెల్లారి విత్తు ఊడదీస్తే
దానికిందంతా పచ్చగా, చుట్టూ కమిలి,
పటం తీసేసిన గోడ మింద
పాత సున్నం మాదిరి.

ఒగదాన్ని పచ్చిమిరపకాయ, ఎర్రగడ్డ వేసి నూరి
జొన్నరొట్టెతో తింటిమి.
"రుచేముంది దీనికి,
మనమేస్తే ఉంటాది, లేకుంటే లేదు"
అంటానే రెండో రొట్టె పెట్టుకునె అత్త.

మిగిలిన ఐదింటినీ నేనే మెదిపి
నిమ్మకాయ పిండి
ఐసు అచ్చుల్లో పోసి ఫ్రీజర్లో పెడితిని.
మాపటికి పచ్చగా గడ్డకట్టె.
అత్త వేలితో తట్టి చూసి
"కరెంటు మిందనా మీ నమ్మకం?" అనె.
ఆ మాటకే ఆ రాత్రి కరెంటు పాయె.
మూడు గంటలు
ఫ్రిజ్జు తలుపు ఎవరూ తెరవకుండా
చీకట్లో స్టూలేసుకోని
కాపలా కూర్చునిందీ ఆమే.

విత్తుల్ని మాత్రం నాకు ఇయ్యలేదు.
కోడిగుడ్డంతేసి విత్తులు.
"ఇది గూడా నాకు నేర్పాల్నా?" అని
బూడిదలో పొర్లించి ఉట్టికి కట్టె.
నెలకు విప్పితే
నడిమికి పగిలి, లోపల గుల్ల.
అరచేతిలో పెట్టుకోని
శానాసేపు చూసె.
"ఇంత కడుపుండే విత్తనం,
ఎండితే చస్తాదంటనే!"
ఆమెకు తెలిసిన విత్తనాలన్నీ
ఎండితేనే బతికినాయి.

ఒగదాన్ని మెహరున్నీసా కూతురు
ముందే ఎత్తిపెట్టిండె.
మూడు అగ్గిపుల్లలు గుచ్చి
అడుగు మాత్రం మునిగేటట్టు
గాజు గ్లాసులో నిలబెట్టి
మా వంటింటి కిటికీలో పెట్టిపాయె,
వాళ్లింట్లో పిల్లి ఉండాదని.

నీళ్లు దినానికి వేలెడు దిగుతాయి.
మా లైనుకు కొళాయి నాలుగు దినాలకొకసారి.
అత్త తాను తాగే చెంబులోంచే
దానికింత పోస్తాది, తిట్టుకుంటా:
"దాచుకుంటే దక్కవు,
తాపుతానే ఉండాల్నా నీకు?"

ఇంకా వేరు రాలేదు.
అడుగున సన్నగా ఒక గీత.
పగులో, మొలకో.
అద్దాలు కొంగుతో తుడుచుకోని
వెలుతురుకు పట్టి చూసి,
రేపు చెప్తాననె.