దారి ఆకు

సారేమా దీవిలో ఈ ఆకు పేరు టేలెహ్త్.
టే అంటే దారి. లెహ్త్ అంటే ఆకు,
పుస్తకంలో పేజీ కూడా.
బండి చక్రాల జాడల మధ్య
నేలకు చెవి ఆనించి పడుకుంటుంది.
తొక్కేకొద్దీ మొండిగా పెరుగుతుంది.
ఎవరూ నాటరు.

మోకాలు చీరుకుపోయిన రోజు నాకు ఆరేళ్లు.
జూనిపర్ పొదల పక్క రాతిగోడ ఎక్కి
అవతలి పొలంలోని పొట్టేలును వెక్కిరించబోయి
జారాను.
నెత్తురు కంటే ముందు కేక వచ్చింది.

హిల్యా పరుగెత్తుకు రాలేదు.
పొగగూట్లో చేపలు తిప్పుతున్న చేతులు సబ్బుతో కడుక్కుని,
తీరిగ్గా వచ్చి, నా ముందు గొంతుక్కూర్చుని
గాయం కేసి కాక నా కళ్లలోకి చూసి అడిగింది:
"రాయా? ఇనుమా?"
రాయి.
"తుప్పేమైనా చూశావా?"
లేదు. రాయే.
"అయితే నాది."

ముందు నీళ్లు.
కాచి, చల్లార్చి, మూతపెట్టిన కెటిల్ ఒకటి
ఎప్పుడూ ఉండేది ఆవిడ కిటికీలో.
ఇసుక రేణువు చివరిది పోయేదాకా పోసింది.
ఆ సేపట్లో నేనన్న మాటలు ఇక్కడ రాయను.
ఆ తర్వాతే ఆకు,
కడిగి, దులిపి, రెండు చెంచాల మధ్య నలిపి.
చుట్టుపక్కల వాళ్లు నమిలి పెడతారు, హిల్యా నమలదు.
"నా నోట్లో నాలుగు పళ్లు, నలభై రోగాలు" అనేది.
పైన కాస్త లిండెన్ పూల తేనె,
ఉడకబెట్టి ఆరేసిన దుప్పటి చీలిక.
ముడి వేస్తూ మంత్రమేదీ చదవలేదు.
ముక్కు తుడుచుకోమంది.

పడవలు చేసే ఆదు
సాలెగూడు మీద నమిలిన రొట్టె అంటించేవాడు.
వాళ్లన్న తారు పూసేవాడు, అప్పుడప్పుడు పొగాకు.
హిల్యా పెదవి విరిచేది:
"గాయమంటే చెత్తకుండీ అనుకున్నారు."
ఆవిడకి ఒకటే కొలత.
రై గింజ పడుకునేంత లోతైతే నాది,
గింజ నిలబడేంత లోతైతే డాక్టరుది.

ఇప్పుడు నేను కురెస్సారె ఆసుపత్రిలో నర్సును.
పోయిన శరదృతువులో ఒక పొద్దున
మొదటి బస్సు దిగి వచ్చింది హిల్యా,
బొటనవేలికి తెల్లగుడ్డ గట్టిగా చుట్టుకుని.
విప్పి చూశాను. ఆకు లేదు, తేనె లేదు.
"గింజ నిలబడింది" అంది.
ఈల్ చేప కోస్తుంటే చాకు తిరగబడిందట.

కుట్లు పడుతున్నంతసేపూ
గోడ మీది గడియారంతో మాట్లాడినట్టు చెప్పింది.
వాళ్లది అంతకంటే చిన్న దీవి. తనకి తొమ్మిదేళ్లు.
అన్న ప్రీడిక్‌కి పన్నెండు.
గడ్డి ఎత్తే ఇనప పంగ పాదంలో దిగింది.
అమ్మకి చెప్పొద్దన్నాడు.
ఎండబెట్టిన ఆకుల్లో అన్నిటికంటే పెద్దది ఏరి
నానబెట్టి కట్టింది చెల్లెలు.
గాయం ఎంత బాగా మూసుకుందంటే
ఇద్దరూ మురిసిపోయారు.
పదోనాడు దవడ బిగిసింది.
సముద్రం గడ్డకట్టీ కట్టక ఉంది,
పడవ పోదు, స్లెడ్జి బండీ పోదు.

"ఆకు తప్పేం లేదు," అంది.
"పైన మూయమన్నాను, మూసింది.
లోపల ఏముందని
నేనే అడగలేదు."

డాక్టరు ఏమీ అనలేదు.
నేను ధనుర్వాతం సూదిమందు తేబోతే
అప్పటికే చొక్కా చేయి మడిచి కూర్చుంది.

మోకాలి మీద నా మచ్చ
ఇన్నేళ్ల తర్వాత దురద పెట్టింది.
డెబ్బై ఏళ్లుగా ఊరి పిల్లలందర్నీ
ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చింది ఈవిడ.
మేమేమో ఆకు మహిమ అనుకున్నాం.

వెళ్తూ వెళ్తూ
ఫైలు అందుకుంటున్న నా వేలు పట్టుకుంది.
సన్నటి ఎర్రగీత. నేనే చూసుకోలేదు.
"ఇనుమా?"
కాగితం అన్నాను.
"ఓ. అదీ లెహ్తే కదా" అని,
నవ్విందో లేదో తెలీదు గానీ
కుట్లు పడిన చేత్తోనే
కుళాయి వైపు చూపించింది.