మూకుడన్నం

చిలకలగూడలో ఆదివారం
ఏడు దాటకముందే వెళ్లాలి.
"కొవ్వు తీసెయ్యనా అక్కా?" అంటాడు మొగులయ్య.
ప్రతి వారం అడుగుతాడు, ప్రతి వారం వద్దంటాను.
అది తీసేస్తే ఇంక వండడానికేముంది.

బతుకమ్మ వెళ్లిపోయిన వారం.
వాన వెనక్కి తగ్గి, గాలికి కొంచెం పదునొచ్చింది.
మోండా మార్కెట్లో గుమ్మడికాయ ధర పడిపోయింది,
ఓ చెక్క కోయించుకున్నాను.
మట్టి వదలని గెనుసుగడ్డలు అరకిలో,
దోర జామకాయలు నాలుగు.
సీతాఫలాల గంప దగ్గర చెయ్యి ఆగింది గానీ
అవి పొయ్యికి లొంగే రకం కాదు.
ఒకటి విప్పుకుని తింటూ
బస్సు వచ్చేదాకా గింజలు గుప్పిట్లో దాచుకున్నాను.

మూకుడు మా నాయనమ్మ ఈరమ్మది.
ఒక చెవి లేదు.
మూసీ ఇంట్లోకొచ్చిన రాత్రి
తేలే సామానంతా తేలి పోయిందట.
ఇది మునిగింది, అందుకే మిగిలింది.
ఆ వారం ఇంట్లో చింతపండు లేదు,
రెండో గిన్నె లేదు.
ఎవరో ఇచ్చిన మాంసంలో
పెరటి జామకాయలు తరిగి వేసింది.
రుచికని కాదు. ఉన్నవి అవే.

నూనె పొయ్యను.
సన్న సెగ మీద ముక్కలు
వాటి నూనె అవే దించుకుంటాయి.
అందులోనే అల్లం, వెల్లుల్లి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు,
తర్వాత గెనుసుగడ్డ, దాని తర్వాత గుమ్మడి.
జామ ఆఖరున.
ముందేస్తే విరిగి, గింజలే మిగులుతాయి.
ఈ ఒక్కటీ నాయనమ్మ చెప్పలేదు,
మూడుసార్లు చెడగొట్టి నేర్చుకున్నాను.

"అమ్మా, ఏం కూరని రాయాలి?"
కెజియా గడప మీద నోటుబుక్కు పరిచింది.
'మా ఇంట్లో ఆదివారం', ఐదు వాక్యాలు.

గరిటె ఆగింది.
దాని వయసులో నేను ఆలుగడ్డ అని రాశాను.
రెండో తరగతిలో ఆలుగడ్డ, మూడులో ఆలుగడ్డ,
ఐదులో టీచరు నవ్వింది:
మీ ఇంట్లో ఇంకేం పండదా?

"వచ్చి చూసి రాసుకో," అన్నాను.
స్టూలెక్కి చూసింది. ఆవిరికి కళ్లు చికిలించి
చాలాసేపు చూసింది.
గుమ్మడి అంచులు కరిగి
చారు పసుప్పచ్చగా చిక్కబడుతోంది,
జామ వాసన మిరియాల్ని దాటుకుని పైకొస్తోంది.

రాసి తెచ్చింది:
'మా అమ్మ అన్నీ ఒకే దాంట్లో వేసింది.
గుమ్మడికాయ ఓడిపోయింది.
జామకాయ ఇంకా ఓడిపోలేదు.
పది మాంసం వండింది.
నాకు ఆకలేస్తోంది.'

పది మాంసం.
సున్నా మర్చిపోయింది పిల్ల.
నేను మర్చిపోలేదు కదా, ఆ ఐదేళ్లూ
అక్షరాలన్నీ సరిగ్గానే రాశాను.
చెయ్యి కొంగుకి తుడుచుకుని, పెన్సిలు అడిగి
ఆ సున్నా నేనే పెట్టాను.
గుండ్రంగా. రెండోసారి దిద్దాను కూడా.
పేజీ మీద కొంచెం నూనె మరక పడింది.

అందరికీ వడ్డించాక
మూకుట్లో వేడన్నం వేసి
అడుగంటిన కొవ్వూ కారమూ గీకి కలిపాను.
మొదటి ముద్ద నాదంటే నాదని
తండ్రీ కూతురూ కొట్టుకుంటున్నారు.
చెవి లేని వైపు కాలుతుందని
ఎన్నిసార్లు చెప్పినా వినరు.