గీతలు పుట్టేదాకా

సఖినేటిపల్లి రేవులో, పంటు ఎక్కే దారిలో
బజ్జీల బండికీ మందుల కొట్టుకీ మధ్య
ఆరడుగుల నా నెట్ సెంటరు.
పంటు దాటడానికి చీటీ చాలు.
పేరడగరు, ఊరడగరు,
చంకలో మేకపిల్లకైతే ఆ చీటీ కూడా అక్కర్లేదు.
మిగతా నీళ్ళు దాటాలంటే మాత్రం
ముందు నా దగ్గరికి రావాలి.

గెడ్డం సువార్త వచ్చింది
శనివారం మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చిన వేళ.
మస్కట్‌లో ఒక ముసలామెను చూసుకునే పని,
రెండేళ్ళ పర్మిట్టు.
ఏజెంటు ఇచ్చిన అరబ్బీ కాగితం
జాకెట్లో దోపుకుని తెచ్చింది,
చెమటకి ఒక మూల మెత్తబడింది.

ఇంటిపేరు ఆధార్‌లో ముందుంది,
పాస్‌పోర్టులో వెనకుంది,
రేషన్ కార్డులో లేనే లేదు.
ఆ చిక్కు విప్పేసరికి టీ చల్లారింది.
తర్వాతి గడిలో టిక్కు పెడుతూ
పైకి చదివాను: విదేశీయురాలు.
"ఎవరూ?"
"నువ్వే."
నవ్వింది.
"మా అత్తగారికి చెప్పాలి ఈ మాట.
ఆవిడ ఇరవై ఏళ్ళ కిందటే కనిపెట్టేసింది."

విశాఖ వెళ్ళేముందు ఇక్కడోసారి చూసుకుందామని
వేళ్ళు పెట్టమన్నాను గాజు మీద.
ఎర్ర లైటు.
చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది.
ఎర్ర లైటు.
నేను గాజు మీద ఊది, గుడ్డతో రుద్ది,
ఆమె వేలు పట్టుకుని నేనే నొక్కాను.
తెర మీద కోడిగుడ్డంత తెల్లటి మచ్చ,
లోపల ఏమీ లేదు.

పదకొండేళ్ళు రొయ్యల ఫ్యాక్టరీలో
తలలు తీసింది, పెంకు వలిచింది.
ఐసు నీళ్ళు, క్లోరిన్ నీళ్ళు, మళ్ళీ ఐసు నీళ్ళు.
దేవుడు వేళ్ళ మీద రాసి పంపిందంతా
కిలోకి ఇంతని
తూకం వేసి ఇచ్చేసింది.

"పని మానెయ్యి" అన్నాను.
"పని కోసమే గదా వచ్చాను!"
"మూడు వారాలు. రొయ్య ముట్టకు, సబ్బు ముట్టకు,
చింతపండు పిసక్కు. కొబ్బరినూనె రాయి.
గీతలు వాటంతటవే పుడతాయి."

రెండ్రోజులు ఫ్యాక్టరీ వ్యాను
తెల్లారగట్ల ఆమె సందు మొగలో హారన్ కొట్టింది.
మూడోరోజు ఆగకుండా పోయింది.
పక్కింటి సలోమి గిన్నెలు తోమిపెట్టింది.
బాలింతలాగా కూర్చోపెట్టారే అని
సువార్త సిగ్గుపడింది,
తన చేతుల్ని ఎవరో దాచమని ఇచ్చినట్టు
ఒళ్ళో పెట్టుకుని.

సాయంత్రాలు వచ్చి
నా బల్బు కింద బొటనవేలు చాపేది.
"వచ్చాయా?"
"ఉండు."
నారుమడిలో మొలక వెతుక్కున్నట్టు
ఇద్దరం వంగి చూసేవాళ్ళం.
అప్పు గురించి మాట్లాడేవాళ్ళం కాదు.

పద్దెనిమిదోనాడు
ఒక పాయ కనబడింది.
దాని పక్కనే ఇంకోటి, చీలి, వంకర తిరిగి,
మధ్యలో చిన్న లంకను వదిలి
మళ్ళీ వచ్చి కలిసింది.
నేను తలెత్తి
గోడకున్న జిల్లా మ్యాపు చూశాను.

విశాఖలో తొమ్మిది వేళ్ళు పడ్డాయి.
ఎడమచేతి ఉంగరం వేలు పడలేదు.
ఆఫీసరు ఏమనుకున్నాడో
ముందుకు జరగమన్నాడు.

పర్మిట్టు వచ్చిన రోజు మూడు కాపీలు తీశాను.
ఫొటోలో ఉలిక్కిపడినట్టుంది,
వృత్తి దగ్గర ఇంటిపని అని ఉంది.
కాగితం ఇంకా వెచ్చగా ఉండగానే అడిగింది:
"అక్కడా గిన్నెలు తోమాలిగా?"
"తోమాలి."
"రెండేళ్ళయ్యాక ఈ కాగితం మార్చేటప్పుడు
మళ్ళీ వేళ్ళు పెట్టమంటారా?"

పంటు కూత వేసింది.
చిల్లర లేదన్నాను, ఉంచుకోమంది.
అటుగట్టున నర్సాపురం, రైలు, తర్వాత
నాకూ తెలియని నీళ్ళు.

గాజు మీద ఆమె బొటనవేలు అలాగే ఉంది.
తుడవాలి, లైన్లో జనం ఉన్నారు.
"తర్వాత ఎవరు?" అన్నాను.
సలోమి.
చేతులు రెండూ చెంగు కింద దాచుకుని.