గాలికి ఎదురుగా

పుంతా అరేనాస్‌లో చిన్న ఎస్‌యూవీ కొన్నావా,
ముందు గాలికి మొహం పెట్టి ఆపడం నేర్చుకో.
మొదటి వారమే నా తలుపు
రెక్కలా విరుచుకుపోయింది.
కీలు ఇప్పటికీ కిర్రుమంటూనే ఉంది.

తాళంలో బ్యాటరీ చస్తే
పక్కనున్న మీట నొక్కి లాగు:
సన్నటి ఇనప నాలుక.
అన్‌లాక్ నొక్కి పట్టుకుంటే అద్దాలన్నీ దిగుతాయి.
నాకు తెలిసొచ్చిన రోజు జోరున వాన,
తాళం హ్యాండ్‌బ్యాగులో నలుగుతోంది,
నేను చర్చిలో మోకాళ్ళ మీద.

మైలేజీ సంగతి అడక్కు.

డిక్కీలో చాప ఎత్తితే
స్టెప్నీ పక్కన ఓ దొంగ అర.
రెంచీ పెట్టుకోమన్నాడు షోరూం కుర్రాడు.
నేను రొసామెల్ ఉన్ని చేతితొడుగులు పెట్టాను.
ఆయన ఈ బండి ఎక్కలేదు.
ఎంత గతుకులోనైనా
అవి చప్పుడు చెయ్యవు.