ఐదు వందల గ్యాలన్ల ఆకాశం

ముందు ట్యాంకు దొరికింది.
ఆకాశం సంగతి తర్వాత.

సోహార్‌లో మా వీధి చివర
మేడ మీంచి దింపి గోడవార పారేసిన నీళ్ల ట్యాంకు.
అడుగున పగులు, లోపల ఎండిన పాచి చారలు,
మూలన ఎప్పటిదో పావురం గూడు.
నైట్ డ్యూటీ దిగి వస్తూ చూశాను.
యజమాని నవ్వి ఊరికే ఇచ్చేశాడు.
మోసుకొచ్చిన పికప్పు మాత్రం మూడు రియాళ్లు పుచ్చుకుంది.

తోట అని పేరే గాని
తొమ్మిదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడుగు.
ఒక కరివేపాకు మొక్క, మూడు బెండ మొదళ్లు,
ఉప్పు పేరుకుని తెల్లబడ్డ మన్ను.
బట్టల తీగ విప్పేస్తే చోటు సరిపోయింది.

ఎల్లేశం డక్టింగు పనివాడు, మెట్‌పల్లి వైపు.
మా వార్డులో ఏసీ బాగుచేస్తూ వేలు కోసుకుంటే
కట్టు కట్టాను, అదీ పరిచయం.
ఆ వేలితోనే ట్యాంకుని అడ్డంగా కోశాడు
పైముక్క టోపీ, కిందిముక్క గోడ.
టోపీకి నడినెత్తి నుంచి నుదుటి దాకా మూరెడు చీలిక.
"సిస్టర్, ఇది తిరగాల్నంటే చక్రాలు గావాలె."
సూపర్‌మార్కెట్ వెనక విరిగిన ట్రాలీలు
ఎనిమిది చక్రాలిచ్చాయి.
ఒకటి కుంటిది.
పడమటికి తిప్పితే ఇప్పటికీ కీచుమంటుంది.

సిమెంటు బస్తా రియాలున్నర.
ఎనిమిదంగుళాల పైపు ముక్క అతనే తెచ్చాడు,
ఎక్కడిదని నేను అడగలేదు.
అందులో కాంక్రీటు పోసి నిలబెట్టాం.
మనిషి ఆనుకున్నా వణకకూడదు కదా.
టెలిస్కోపు, మనీలా వెళ్లిపోతూ ఒక టీచరమ్మ అమ్మినది,
ముప్ఫై అయిదు.
అద్దం అంచున వాళ్ల పిల్లాడి వేలిముద్ర ఉంది.
తుడవలేదు.
ఎల్లేశం కూలి ఏడు శుక్రవారాల భోజనం.
గోంగూర దొరకని వారం మాట్లాడకుండా తిని వెళ్లాడు.

జూన్‌లో చంద్రుణ్ణి పెట్టబోతే
అద్దానికి ముచ్చెమటలు. సముద్రం అంత దగ్గర.
జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో
ఒకరం ఊదుతుంటే ఒకరం చూశాం.
ఉత్తరాన రేవు వైపు రాత్రంతా రిఫైనరీ మంట.
ఆ ఎర్రదనంలో ధ్రువుడు ఎక్కడో మునిగిపోయాడు.
ఆయనకు నిలకడే గాని వెలుగెప్పుడుంది లే, అని వదిలేశాం.

మిగిలింది దక్షిణం.
దక్షిణపు గోడ ఖల్ఫాన్‌ది.

రెండు ఇటుకల ఎత్తు తగ్గిస్తే
అగస్త్యుడు కనిపిస్తాడని ఎలా చెప్పను?
నా అరబ్బీ అంతా మందుల వేళలూ, నొప్పెక్కడ అనే ప్రశ్నా.
నేల మీద పుల్లతో గీశాను.
ముసలాయన వంగి చూసి, ఒకే మాట:
"సుహైల్."
ఆ చుక్కొస్తే రాత్రి చీకట్లో చేత్తో తడిమి
పండు ఖర్జూరం కోయొచ్చట.
నీళ్లు చల్లబడతాయట.
మా వైపు నీళ్లు తేరుకుంటాయంటారు.
అదీ చెప్పాలనుకున్నాను, మాట కుదరలేదు.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి
గోడకి రెండు పళ్లు ఊడి ఉన్నాయి.
ఆ సందులోంచి మొదట వచ్చింది చుక్క కాదు, మేక.
కరివేపాకు మొదలంటా మేసింది.

ఆగస్టు చివర, తెల్లవారుజాము అయిదు.
తూర్పున గొర్రుకొయ్యలు అప్పటికే పైకెక్కాయి.
టోపీ తిప్పాం, కీచుమంది, వీధి కుక్క మొరిగింది.
గోడ పళ్లసందులో
ఎరుపు, పచ్చ, మళ్లీ తెలుపు,
ఒక్క క్షణం కుదురు లేని నిప్పురవ్వ.
ఎల్లేశం కన్ను తియ్యలేదు.
"గిది చుక్కనా, వెల్డింగా?"

గోడకవతల ఖల్ఫాన్ దగ్గాడు.
రమ్మన్నాను. రాలేదు.
పెరటి కుళాయి విప్పి చెయ్యి పెట్టాడు,
చాలాసేపు అలాగే ఉంచాడు.
"ఇంకా వేడే," అన్నాడు. "ఇంకో నాలుగు రోజులు."

ఏడింటికి నాకు డ్యూటీ.
టోపీ మూస్తుంటే ట్యాంకు లోపల
ఎంత తోమినా పోని పాత నీళ్ల వాసన.