మసి

బ్రేమెన్‌లో, మా మ్యూజియం నేలమాళిగలో
నలభై ఒకటో అర. ఒక చెక్క పాలబుంగ.
చీటీ మీద ఉన్నది నా చేతిరాతే:
"లోపలంతా నల్లటి మసి. తుడిచెయ్యాలి."

ఎంబరారా నుంచి ఒక సెమిస్టరు చదువుకొచ్చిన నతుకుండ
చూడగానే రెండు చేతులా ఎత్తి
ముక్కు దగ్గరికి తీసుకోబోయింది.
"వద్దు!" అరిచేశాను.
పురుగు పట్టకుండా ఎప్పుడో మావాళ్లు
పాషాణం పూశారు దానికి.

చేతులు గాల్లోనే ఆగాయి, తొడుగుల్లో.
"మసి కాదు మేడమ్," అంది కాసేపటికి,
"గడ్డి పొగ. మా జేజి రోజూ పట్టేది,
పాలు విరగకుండా."

తెర మీద, అటువైపు తరగతిలో,
తుమ్‌వెబాజె కొత్త బుంగ బోర్లించి
పొగ పట్టి చూపించాడు.
మధ్యలో రెండుసార్లు బొమ్మ ఆగిపోయింది.
వాసన ఎలాగూ రాదు.
అయినా ఇక్కడ పన్నెండుమందిమి
గట్టిగా గాలి పీల్చాం.

నా చీటీ కొట్టేసి
కొత్తది ఆమెనే రాయమన్నాను.
తన భాషలో రెండు మాటలు రాసింది,
వాటి కింద జర్మన్‌లో:
"వాసన చూడొద్దు. విషం ఉంది."

ఎవరు పెట్టిందో
రాయలేదు.